ఎంత అనే కాదు, ఎప్పుడు అని కూడా అడగండి

పాడి రైతులకు బర్రె సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. అయినా ఒక్క విషయం గమనించండి. చేపకుండా మొండికేసిన బర్రె ముందు మనం గబగబా తవుడు గంప పెడతాం. దానికి అర్థమయ్యేదేమిటి? పాలు బిగబడితే దాణా వస్తుందని! మర్నాడు ఇంకాస్త బిగబడుతుంది. తప్పు బర్రెది కాదు, దాణా పెట్టిన వేళది.

అదే దాణాను రోజూ ఒకే వేళకు, పొదుగు కడిగేటప్పుడే పెట్టండి. కొద్ది రోజుల్లో చెంబు చప్పుడుకే చేపుతుంది. ఆ చేపు నిలిచేది కొద్ది నిమిషాలే గనుక ఆలోగా పితకడం ముగించాలి. సూదిమందు అలవాటు చేస్తే సూది లేనిదే చేపదు. ఏ పని చేసిన వెంటనే ఫలం అందితే పశువు ఆ పనినే నేర్చుకుంటుంది.

మనుషులమూ అంతే. ఉప్పల్, నాచారంలలో పాల ప్యాకెట్టు కొనేవారు పొద్దున్నే డబ్బిచ్చి కొంటారు. ఊళ్లో కేంద్రానికి పాలు పోసిన రైతుకు మాత్రం పదిహేను రోజులకు బిల్లు. అది సక్రమంగా వస్తే ఫరవాలేదు.

నాచారం పక్కనున్న లాలాపేట కేంద్రంగా పెరిగిన విజయ డెయిరీకి పాలు పోసేవారికి 2014లో ప్రభుత్వం లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. 2017లో ముల్కనూరు, కరీంనగర్, నల్లగొండ-రంగారెడ్డి సహకార డెయిరీల రైతులకూ వర్తింపజేసింది. మంచి పనే. కానీ తర్వాత ఆ సొమ్ము నెలల తరబడి బకాయి పడింది. రోజుకు 5 లీటర్లు పోసే రైతుకు అది పక్షానికి 300 రూపాయలు. బిల్లుతోపాటే అందితే దాణా ఖర్చుకు ఆసరా. నెలలు గడిచాక వస్తే అది ఏ పాలకు వచ్చిందో ఎవరికి గుర్తుంటుంది? ఈలోగా చేతిలో రోజు డబ్బు పెట్టే దళారీ దగ్గరికే కాళ్లు పోతాయి. రైతు నిలకడ లేనివాడని అనడం సులువు. ఆ పాఠం నేర్పింది మాత్రం ఆలస్యమే.

కనుక సంఘం సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెట్టించండి. ఒకటి, వెన్న శాతం పాలు పోసిన చోటే, మీ కళ్లముందే చూసి చీటీ మీద రాయాలి. రెండు, ప్రోత్సాహకం ఏదైనా అదే పక్షం బిల్లులో వేరే పద్దుగా చూపి చెల్లించాలి. నాలుగుకు బదులు మూడు రూపాయలే ఇస్తామన్నా, ముందు వేళకు ఇవ్వమనండి. వేళ తప్పిన నాలుగు కంటే వేళకు అందిన మూడే బర్రెనూ నిలుపుతుంది, సంఘాన్నీ నిలుపుతుంది.