పట్టికలో చదువు

పోయిన వారం కాళేశ్వరం వెళ్లి వస్తూ మహదేవపూర్ మండలంలో ఓ ప్రాథమిక బడి దగ్గర ఆగాను. ఊరి పేరు రాయను, రాస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆ పంతులే. ఐదు తరగతులకూ ఆయనొక్కరే. పిల్లలు లోపల పలకలు ముందేసుకుని కూర్చున్నారు. సారు యాప్‌లో బడి లెక్కలు నింపడానికి వేపచెట్టు కింద ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు. "సిగ్నల్ అందుతలేదు సార్. ఎంట్రీ పడకపోతే మండలం నుంచి ఫోన్ వస్తది" అన్నారు. ఆయన్ని కాదు, ఆ ఎంట్రీ అడిగేవాళ్లను చూసి నాకు కోపం వచ్చింది.

లోపలికెళ్లి మూడో తరగతి పాప చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చాను. కూడబలుక్కుంటూ మూడు మాటలు చదివి, నాలుగో మాట దగ్గర నా మొహంలోకి చూసింది. ఆ చూపు సారు ఆ పొద్దున నింపిన ఏ గడిలోనూ లేదు.

ఇది ఎవరికీ పట్టని జిల్లా అనుకుంటే పొరపాటు. ఈ మండలం ఉన్న జయశంకర్ భూపాలపల్లి జిల్లా మీద ఢిల్లీ కన్ను 2018 జనవరి నుంచీ ఉంది. ఆకాంక్షిత జిల్లాల పథకంలో నీతి ఆయోగ్ ఎంచుకున్న 112 జిల్లాల్లో తెలంగాణవి మూడే: ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, ఇది. ఈ జిల్లాలకు ఇచ్చే ర్యాంకులో చదువు వాటా 30 శాతం. బాలికల మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, నెలలోపు పుస్తకాల పంపిణీ లెక్కలోకి వస్తాయి. పిల్లలకు చదవడం, లెక్కలు చేయడం వచ్చాయా అన్నదీ ఉంది. కాకపోతే ర్యాంకు నెలనెలా మారుతుంది. చదువును కొలిచే జాతీయ సర్వే మాత్రం 2017లో ఒకసారి, 2021లో ఒకసారి, మళ్లీ 2024 డిసెంబరులో జరిగింది. మరి మధ్య నెలల్లో ర్యాంకును కదిలించేది ఏమిటి? మరుగుదొడ్డి అవసరమే, ఆడపిల్ల బడి మానకుండా ఉండాలంటే తప్పనిసరి కూడా. కానీ గోడ లేచినంత మాత్రాన పాపకు నాలుగో మాట రాదు.

ప్రపంచం పరిస్థితీ ఇంతే. 2015లో ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలు సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఒప్పుకున్నాయి. నాలుగోది చదువు, గడువు 2030. రెండు, మూడు తరగతుల పిల్లలకు చదవడం వచ్చిందా అన్నది అందులో మొట్టమొదటి కొలమానం. తగినన్ని దేశాల దగ్గర ఆ లెక్కే లేదని 2023లో దాన్ని కింది శ్రేణికి దించారు. మనమూ తక్కువ తినలేదు. 2009లో పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ దాదాపు అట్టడుగున నిలిస్తే, ఆ తర్వాత ఏళ్ల తరబడి పీసాకు దూరంగా ఉండిపోయాం. జ్వరం ఎక్కువ చూపించిందని థర్మామీటరును అటక మీద పెట్టేశాం.

నేను ఎన్నిసార్లయినా చెప్పే మాట ఒకటుంది. ఈ దేశంలో చదువును నిజాయితీగా కొలిచిన పని అసర్ అనే సర్వే. 2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన ఈ సర్వేలో స్థానిక వాలంటీర్లు జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్ల చొప్పున తిరిగి, ఇంటి అరుగు మీద పిల్లల చేత రెండో తరగతి పాఠం చదివించి విన్నారు. సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో అది చదవగలిగినవాళ్లు 2022లో దేశంలోని పల్లెల మొత్తం మీద 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగింది, సంతోషం. అయినా నలుగురిలో ముగ్గురికి పైగా రాదన్నమాట. దీనికి యాప్ అక్కర్లేదు, ఒక కాగితం, ఓపికగా వినే మనిషి ఉంటే చాలు.

బడులనైనా సరిగ్గా లెక్కపెడుతున్నామా? బడుల మీద కేంద్రం సేకరించే 2024-25 యూడైస్ లెక్కల్లో తెలంగాణలో ఒక్క పిల్లవాడూ చేరని బడులు 2,245. వాటి పేరిట టీచర్లు 1,016 మంది. ఇక్కడ ఒక్క సారు ఐదు తరగతులతో సతమతమవుతుంటే, అక్కడ పిల్లలే లేని బడికి పోస్టులు.

చూడాల్సినదాన్ని చూడకపోవడం ఈ నేలకు ఎంత నష్టం చేసిందో వేరే చెప్పాలా? కాళేశ్వరానికి కొద్ది దూరంలోనే ఎత్తిపోతల పథకానికి కట్టిన మేడిగడ్డ బ్యారేజీ. ఎత్తిపోసిన నీటికి టీఎంసీల్లో లెక్క చెప్పారు, ఎకరాల లెక్కా చెప్పారు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగాక వచ్చిన జాతీయ డ్యామ్ భద్రతా నిపుణులు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి ఏమిటి? 2019లో బ్యారేజీ మొదలైనప్పటి నుంచి కింది కాంక్రీటు దిమ్మెలను తనిఖీ చేయలేదు, మరమ్మతూ చేయలేదు. పైన ఘనమైన లెక్క, అడుగున చూసే మనిషి లేడు. బ్యారేజీ కుంగితే దేశమంతా చూసింది. మూడో తరగతిలో కుంగిన పిల్ల పదో తరగతి దాకా ఎవరి కంటా పడదు.

ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఏటా ఆగస్టు 15న జెండా ఎగరేశాక, ఊరి వాళ్లందరి ముందూ మూడో తరగతి పిల్లల చేత ఒక పేజీ చదివించండి. ఎందరు చదివారో బడి గోడ మీద సున్నంతో రాయండి. పంతులును మందలించడానికి కాదు, రెండో పంతులును పంపడానికి. తల్లిదండ్రులారా, మీరు ఆగస్టు దాకా ఆగకండి. ఈ సాయంత్రమే మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదివించి వినండి. ఆగిపోతే రేపు బడికి వెళ్లి అడగండి.