ఆట కేంద్రాల్లో పిల్లల పక్కన ఉన్నదెవరు?

సిబ్బంది పూర్వాపరాల తనిఖీ తప్పనిసరి అంటున్న నిబంధన
అడిగే కార్యాలయం లేక కాగితాలకే పరిమితం

వేసవి సెలవులు వచ్చాయంటే జిల్లా కేంద్రాల్లోని ఈతకొలనులు పిల్లలతో కిటకిటలాడటం, క్రీడా మైదానాల్లో శిక్షణ శిబిరాలు వెలియడం ఏటా చూస్తున్నదే. ఒకప్పుడు మహానగరాలకే పరిమితమైన గేమ్ జోన్లు, పిల్లల ఆట కేంద్రాలు, నీటి పార్కులు ఇప్పుడు చిన్న పట్టణాలకూ విస్తరించాయి. దసరా, సంక్రాంతి రోజుల్లో వచ్చే ఎగ్జిబిషన్ల సంగతి చెప్పనవసరం లేదు. రుసుము చెల్లించి, బిడ్డను లోపలికి పంపి, గంటలో వస్తామని చెప్పి తల్లిదండ్రులు బజారు పనిమీద వెళుతున్నారు. ఆ గంటసేపు ఆ బిడ్డ ఎవరి సంరక్షణలో ఉన్నట్లు? ఆడించే వ్యక్తి పేరేమిటి, ఊరేమిటి, ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడు, అక్కడ ఎందుకు మానేశాడు? ఈ నాలుగు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగల యజమానులు ఎందరన్నది ఆలోచించవలసిన విషయం.

చట్టం ఏమంటోంది?

ఈ విషయంలో చట్టం లేదని చెప్పడానికి వీలులేదు. లైంగిక నేరాల నుంచి బాలలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉంది. దాని కింద కేంద్ర ప్రభుత్వం 2020 మార్చిలో కొత్త నిబంధనలు ప్రకటించింది. పిల్లలకు వసతి కల్పించే సంస్థలు, పిల్లలతో నిత్యం సంబంధం ఉండే సంస్థలు తమ సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ జరిపించి, పూర్వాపరాలు తెలుసుకోవాలని అందులోని మూడో నిబంధన నిర్దేశిస్తోంది. ఒకసారి చేసి ఊరుకోవడం కాదు, నిర్ణీత కాలాల్లో మళ్లీ మళ్లీ చేయించాలి. బడులు, శిశు సంరక్షణ కేంద్రాలతో పాటు క్రీడా అకాడమీలను పేరుపెట్టి పేర్కొన్నారు. ఆపైన ‘పిల్లల కోసం నడిపే మరే సదుపాయమైనా’ అన్న మాట కూడా చేర్చారు. అంటే ఈతకొలను, ఆట కేంద్రం, వేసవి శిబిరం వంటివన్నీ దీని పరిధిలోకి వచ్చేవే. పర్మినెంటు ఉద్యోగి, కాంట్రాక్టు ఉద్యోగి అన్న తేడా కూడా లేదు. పిల్లల భద్రతపై సిబ్బందికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని కూడా అదే నిబంధన చెబుతోంది.

నేరం జరిగాక పడే శిక్షలూ తేలికైనవి కావు. పిల్లలకు సేవలందించే సంస్థ యజమాని గాని, సిబ్బంది గాని ఆ సంస్థలోనే బిడ్డపై అత్యాచారానికి పాల్పడితే చట్టం దానిని తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష 20 ఏళ్ల జైలు. తన కింద పనిచేసేవాడు నేరం చేశాడని తెలిసీ పోలీసులకు చెప్పని సంస్థ బాధ్యునికి ఏడాది వరకు జైలు, జరిమానా పడతాయి. సంస్థ పేరు పోతుందని విషయాన్ని గదిలోనే సర్దుబాటు చేసే పెద్దమనుషులు గుర్తుంచుకోవలసిన సెక్షన్ ఇది.

అడిగేవారేరీ?

లోపమల్లా అమలులో ఉంది. తనిఖీ ఎంత కాలానికొకసారి జరగాలో, జరిగిందో లేదో ఏ అధికారి చూడాలో, జరపకపోతే జరిమానా ఎంతో ఆ నిబంధనలో లేదు. బడి విషయమైతే విద్యాశాఖ ఉంది. గుర్తింపు రద్దవుతుందన్న భయం ఉంది. పిల్లల భద్రత విషయంలో పాఠశాల యాజమాన్యాలను బాధ్యులను చేస్తూ కేంద్రం 2021లో మార్గదర్శకాలు ఇవ్వగా, వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మార్గదర్శకాలన్నీ బడి గేటు వరకే. సాయంత్రం అదే పిల్లవాడు ఈతకొలనుకో, కరాటే తరగతికో వెళితే అక్కడ అడిగే శాఖ కనిపించదు.

వినోద కేంద్రానికి వ్యాపార లైసెన్సు పురపాలక సంఘానిది, నిప్పు భద్రత అగ్నిమాపక శాఖది, మైదానాలు క్రీడాశాఖవి, ఎగ్జిబిషన్ బందోబస్తు పోలీసులది, బాలల రక్షణ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. ఇన్ని కార్యాలయాల మధ్య ‘ఇక్కడ పనిచేసేవారు ఎవరు?’ అన్న ప్రశ్న ఎవరిదీ కాకుండా పోయింది. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి పిల్లలతో సహా 27 మంది బలయ్యారు. ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రమే లేదని ఆ తరువాత తేలింది. మంటలు చెలరేగితేనే లైసెన్సు గుర్తుకు వచ్చే పద్ధతి అది. సిబ్బంది పూర్వాపరాల విషయంలోనూ అటువంటి రోజు వచ్చేదాకా ఆగనవసరం లేదు.

హోదా కాదు, అవకాశమే ముఖ్యం

తనిఖీ అనగానే కోచ్‌లు, శిక్షకులే గుర్తుకు వస్తారు. అనుభవం మరో విధంగా చెబుతోంది. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో చిన్నారిపై అఘాయిత్యం చేసిన వ్యక్తి ప్రిన్సిపాల్ కారు డ్రైవర్. పిల్లలతో అతనికి పనే లేదు, కాని తరగతి గదుల దాకా వెళ్లే అవకాశం ఉంది. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం అతనికి 20 ఏళ్ల జైలు శిక్ష విధించింది. 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో ఇద్దరు చిన్నారులపై లైంగిక దాడి ఆరోపణలపై అరెస్టయిన వ్యక్తి ఆ బడిలో పారిశుద్ధ్య పనివాడు. ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టుపై చేరి అప్పటికి కొద్ది రోజులే అయింది.

ఈ రెండూ బడులలో జరిగినవే. వినోద కేంద్రాల్లో ఇటువంటి అవకాశాలు ఇంకా ఎక్కువ. ఈతకొలను వద్ద దుస్తులు మార్చుకునే గదులు ఉంటాయి. లాకర్ తాళాలిచ్చేవారు, నీళ్లు శుభ్రం చేసేవారు అక్కడక్కడే తిరుగుతుంటారు. ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్, రంగులరాట్నం తిప్పేవారు ఊరూరా తిరిగే బృందాలు. నెల తిరిగేసరికి మరో జిల్లాలో ఉంటారు. వేసవి శిబిరంలో శిక్షణ ఇచ్చేవారు నెలన్నర పనికి వచ్చి వెళ్లిపోతారు. ఉద్యోగం ఎంత తాత్కాలికమైతే వివరాలు అడగడం అంత తక్కువ. అసలు ఎక్కువగా అడగవలసింది అక్కడే.

క్రీడారంగంలోని లెక్కలూ హెచ్చరికే. 2010 - 2019 మధ్య భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రాల నుంచి 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయని, వాటిలో 29 కోచ్‌లపైనే ఉన్నాయని సమాచార హక్కు చట్టం ద్వారా బయటపడింది. ప్రభుత్వ పర్యవేక్షణ ఉన్న చోటే ఇలా ఉంటే, పర్యవేక్షణ లేని ప్రైవేటు అకాడమీల మాట ఊహించుకోవచ్చు.

సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

అయితే పోలీసు వెరిఫికేషన్ జరిగితే చాలు, పిల్లలు సురక్షితమనుకోవడం కూడా పొరపాటే. పోలీసులు చూసేది నమోదైన కేసులను. పరువుకు జడిసి స్టేషన్ గడప తొక్కని కుటుంబాలు, పెద్దల పంచాయతీలో ముగిసిన వ్యవహారాలు ఆ రికార్డుకు ఎక్కవు. మొదటిసారి తప్పు చేసేవాడి రికార్డు ఖాళీగానే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2007లో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను ప్రశ్నించి జరిపిన అధ్యయనంలో 53 శాతానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురైనట్లు చెప్పారు. అటువంటి అనుభవాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారే, వారు నమ్మినవారే. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం బాలలపై నేరాలు 2022లో 1,62,449 నమోదు కాగా, 2023లో 1,77,335కు పెరిగాయి. వీటిలో మూడో వంతుకు పైగా పోక్సో కేసులే.

రెండో చిక్కు సమాచారానిది. లైంగిక నేరాల్లో శిక్ష పడినవారి జాతీయ జాబితాను కేంద్రం 2018 సెప్టెంబరులో ప్రారంభించింది. ఆనాటికే అందులో 4.40 లక్షలకు పైగా పేర్లున్నాయి. కాని ఆ జాబితా పోలీసు, దర్యాప్తు సంస్థలకే అందుబాటులో ఉంది. ఆట కేంద్రం యజమాని గాని, తండ్రి గాని చూడలేరు. కాబట్టి పోలీసుల ద్వారా వెళ్లడం మినహా మార్గం లేదు.

మూడోది పేరుతో వచ్చే చిక్కు. ఇంగ్లాండ్‌లోని సోహమ్ అనే చిన్న పట్టణంలో 2002 ఆగస్టులో పదేళ్ల బాలికలు ఇద్దరు హత్యకు గురయ్యారు. హంతకుడు ఇయాన్ హంట్లీ స్థానిక పాఠశాలలో కేర్‌టేకర్. అంతకుముందే మరో ప్రాంతంలో అతనిపై లైంగిక నేరారోపణలు పలుమార్లు పోలీసుల దృష్టికి వచ్చాయి. అయినా ఆ సమాచారం కొత్త ఊరికి చేరలేదు. అతనికి రెండు ఇంటిపేర్లు ఉండగా ఒక పేరుతోనే వెతికి ఊరుకున్నారు. 2004లో వచ్చిన బిచార్డ్ విచారణ నివేదిక ఈ లోపాలను ఎత్తిచూపింది. దాని ఫలితంగానే అక్కడ తనిఖీ వ్యవస్థ పూర్తిగా మారింది. పర్యవేక్షణ లేకుండా పిల్లలకు క్రమం తప్పకుండా ఈత, ఆటలు నేర్పేవారిని పనిలో పెట్టుకునే ముందు, పిల్లల వద్ద పనిచేయకుండా నిషేధించిన వారి జాబితాలో పేరుందేమో చూస్తారు.

తెలుగునాట ఈ పేరు చిక్కు మరింత ఎక్కువ. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరో కాగితంలో వెనుక ఉంటుంది. ఆధార్‌లో శ్రీనివాసులు, రేషన్ కార్డులో శ్రీనివాస్, ఊళ్లో పిలిచేది శీను. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే ఒక్కో కార్యాలయంలో ఒక్కో స్పెల్లింగ్. ఒక పేరు, ఒక చిరునామా ఇచ్చి ‘కేసులు లేవు’ అనిపించుకోవడం కష్టం కాదు. వాడిన పేర్లన్నీ, గత ఐదేళ్లలో నివసించిన ఊళ్లన్నీ, వేలిముద్రలు కూడా ఇస్తేనే తనిఖీకి అర్థముంటుంది.

పేదవాడిపై ముద్ర పడరాదు

తనిఖీ పేరుతో మరో అన్యాయం జరగకుండా చూడటమూ అవసరమే. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా జమకట్టిన బ్రిటిష్ వారి నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చి, స్వాతంత్ర్యం తరువాత 1952లో గాని రద్దు కాలేదు. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లు ఆ చట్టం మిగిల్చిన గుర్తులే. ఊరి పేరు, కులం పేరు చూసి అనుమానించడం తనిఖీ అనిపించుకోదు. కేసు ఉన్నదా, ఏ కేసు, శిక్ష పడిందా, కొట్టివేశారా అన్నవే చూడాలి. 2017లో గురుగ్రామ్‌లోని ఒక బడిలో బాలుడి హత్య జరిగినప్పుడు మొదట అరెస్టు చేసింది బస్సు కండక్టరును. సీబీఐ దర్యాప్తులో అతని పాత్ర లేదని తేలింది. అనుమానం ఎప్పుడూ కింది మెట్టు మీద ఉన్నవాడి వైపే జారుతుందనడానికి ఇదొక ఉదాహరణ. యజమాని, మేనేజరు, పేరున్న కోచ్ కూడా అదే తనిఖీకి నిలబడాలి. అందుకయ్యే ఖర్చు పనివాడి జీతంలో కోయకుండా సంస్థే భరించాలి.

చేయవలసినవి ఇవీ

జిల్లా స్థాయిలో కొత్త చట్టం అక్కరలేకుండానే కొన్ని చేయవచ్చు. వినోద కేంద్రాల వ్యాపార లైసెన్సు మంజూరుకు, ఏటా రెన్యువల్‌కు సిబ్బంది జాబితా, వెరిఫికేషన్ పత్రాలు జతచేయాలన్న షరతు పెట్టవచ్చు. ఎగ్జిబిషన్లకు అనుమతి ఇచ్చే ముందే పిల్లల ఆటల వద్ద ఉండేవారి వివరాలు తీసుకోవచ్చు. ప్రభుత్వ మైదానాలు, ఈతకొలనులను కాంట్రాక్టుకు ఇచ్చేటప్పుడు ఒప్పంద పత్రంలోనే ఈ నిబంధన రాయించవచ్చు. స్టేషన్‌కు వచ్చిన దరఖాస్తు నెలల తరబడి మూలపడకుండా ఎస్పీ కార్యాలయం గడువు విధించవచ్చు. సర్టిఫికెట్ చేతికి వచ్చేవరకు కొత్తవారిని పిల్లలతో ఒంటరిగా ఉంచరాదు.

యాజమాన్యాలు కాగితంతో సరిపెట్టుకోకుండా పాత యజమానికి ఒక ఫోన్ చేసి ఎందుకు మానేశాడో అడగాలి. ఒక పెద్ద, ఒక బిడ్డ మాత్రమే ఉండే గది, మూల ఏదీ కేంద్రంలో లేకుండా చూడాలి. ఆడపిల్లల దుస్తుల గదుల వద్ద మహిళా సిబ్బందిని పెట్టాలి, సెల్‌ఫోన్లను అనుమతించరాదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలిపే బోర్డు, దానిపై 1098 నంబరు పిల్లల కంటికి అందే ఎత్తులో ఉండాలి.

తల్లిదండ్రులకూ ఇందులో పాత్ర ఉంది. రుసుము ఎంతని అడిగే నోటితోనే ‘మీ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ అయిందా?’ అని అడగడానికి మొహమాటం అక్కరలేదు. బిడ్డ ఒక్కసారిగా శిబిరానికి వెళ్లనని మొరాయిస్తే కసురుకోకుండా కారణం వినాలి. నిబంధన వచ్చిన 2020 నుంచి ఇన్ని వేసవులు గడిచాయి. రాబోయే వేసవి శిబిరాల తలుపులు తెరుచుకునే లోపే కలెక్టర్, ఎస్పీ, పురపాలక కమిషనర్లు ఒకచోట కూర్చుని ఈ బాధ్యత ఏ కార్యాలయానిదో రాతపూర్వకంగా తేల్చవలసి ఉంది.