పేజీ ముఖం కాదు, ఇంటిపేరు చూడండి



ఈసారి ఆకు గురించి, సున్నం చల్లడం గురించి రాయడం లేదు. గూళ్లు అమ్మినాక బ్యాంకులో పడే డబ్బు గురించి రాస్తున్నాం. పురుగును కాపాడుకోవడం మనకు బాగా తెలుసు. షెడ్డులోకి చెప్పులతో ఎవర్నీ రానివ్వం. చేయి కడుక్కోనిదే ఆకు వేయం. కానీ ఫోన్‌లో ఎవరో తెలియనివాడు లింకు పంపిస్తే మాత్రం తలుపు బార్లా తెరిచేస్తున్నాం.

ఒక లెక్క చూడండి. 250 గుడ్లు మేపితే, నూటికి 75 కిలోల లెక్కన 187 కిలోల గూళ్లు వస్తాయి. కిలో 500 రూపాయలే అనుకున్నా 93 వేల పైన. చాకీ డబ్బు, కూలి, ఎరువు, బండి బాడుగ అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ రాత్రీ పగలూ చూసుకున్న కష్టం అది. దొంగ వెబ్‌సైట్‌లో ఒక్కసారి పాస్‌వర్డు, ఓటీపీ కొడితే ఆ కష్టం మొత్తం నిమిషాల్లో పోతుంది. పంటకు రోగం వస్తే ఇంకో పంట వేసుకుంటాం. ఇక్కడ పంట బాగా పండినాక, అమ్మినాక, చేతికి వచ్చినాక పోతుంది.

దొంగ వెబ్‌సైట్ అంటే బ్యాంకు పేజీలాగే ఉండే ఇంకొకడి పేజీ. అదే రంగు, అదే గుర్తు, అవే గడులు. బ్యాంకు పేజీని కాపీ కొట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మనం పేరు, పాస్‌వర్డు కొడతాం, అది బ్యాంకుకు పోకుండా వాడి దగ్గరికి పోతుంది. వాడు అదే క్షణంలో అసలు బ్యాంకులో ఆ వివరాలు కొడతాడు. మన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. దాన్ని కూడా ఆ దొంగ పేజీలోనే కొడితే పని అయిపోయినట్టే.

"జాగ్రత్తగా చూస్తే తేడా తెలుస్తుంది" అని అందరూ చెప్తారు. మేము ఈ మాట ఒప్పుకోం. పెబ్రిన్ ఉన్న గుడ్లకూ, మంచి గుడ్లకూ కంటితో చూస్తే తేడా తెలుస్తుందా? తెలియదు. 1860ల్లో ఫ్రాన్సులో పట్టు రైతులు ఈ రోగంతోనే నాశనమయ్యారు. లూయీ పాశ్చర్ అప్పుడు చెప్పిన ఉపాయం ఏమిటంటే, గుడ్డు ముఖం చూడొద్దు, గుడ్లు పెట్టిన తల్లిని నూరి మైక్రోస్కోప్ కింద చూడు అని. ఈ రోజుకీ మన గుడ్లు ఆ పరీక్ష దాటే వస్తున్నాయి. అందుకే మనం గుడ్లు ఎంత బాగున్నాయని అడగం, ఎక్కడి నుంచి వచ్చాయని అడుగుతాం. పేజీ విషయంలో కూడా అడగాల్సింది అదే. బాగుందా అని కాదు, ఏ దారిలో వచ్చింది, ఎవరి ఇంటిది అని.

ఎవరి ఇంటిదో తెలుసుకునే పద్ధతి మన తెలుగోళ్లకు సులభంగానే అర్థమవుతుంది. సంబంధం మాట్లాడేటప్పుడు మనం ముందు ఇంటిపేరు అడుగుతాం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు తర్వాత వస్తుంది. వెబ్ అడ్రసులో అది తిరగబడి ఉంటుంది, ఇంటిపేరు చివర వస్తుంది. అడ్రసులో మొదట కనిపించే రెండు అడ్డగీతలు వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి అడ్డగీత దగ్గర ఆగండి. ఒంటి గీత లేకపోతే అడ్రసు చివరే ఆగండి. అక్కడి నుంచి వెనక్కి చదవండి. అక్కడ ఉన్నదే ఇంటిపేరు. ముందు ఎన్ని పేర్లు తగిలించినా లెక్క లేదు. "ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ముగిస్తే అది బ్యాంకు ఇల్లు. అదే మాట ముందు పెట్టి, చివర "డాట్ ఇంకేదో డాట్ కామ్" అని ఉంటే అది ఆ ఇంకేదో వాడి ఇల్లు. గడపకు బ్యాంకు బోర్డు తగిలించుకున్నాడు, అంతే.

ఈ ఇంటిపేరు పద్ధతి 2025 నుంచి ఇంకా సులభమైంది. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 22న అన్ని బ్యాంకులకూ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అక్టోబరు 31 లోపల బ్యాంకులన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అనే అడ్రసుకు మారాలని. ఈ అడ్రసులు ఇచ్చే అధికారం హైదరాబాదులో ఉన్న ఐడీఆర్‌బీటీ అనే సంస్థకు మాత్రమే ఉంది. బ్యాంకు కానివాడికి అది దొరకదు. ప్రభుత్వానిదైతే "డాట్ గవ్ డాట్ ఇన్" ఉంటుంది. అయితే ఒక మోసం గుర్తు పెట్టుకోండి. "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ఉండాల్సిన చోట "బ్యాంక్" ముందు చుక్క తీసేసి చిన్న గీత పెడతారు. ఆ ఒక్క గీతతో ఇంటిపేరే మారిపోతుంది. చుక్కలు రెండూ ఉండాలి.

ఇంకా అక్షరాల మోసాలు ఉన్నాయి. ఇంగ్లీషు ఎల్ బదులు 1 అంకె, ఓ బదులు సున్నా, ఎం బదులు ఆర్, ఎన్ పక్కపక్కన. మన వాడిపట్టి పక్కన ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, బ్యాంకు మెసేజ్ వచ్చేది ఇంగ్లీషు. ఇంగ్లీషు బాగా చదివినోళ్లే ఆ తేడా పట్టలేరు, చిన్న స్క్రీన్‌లో, ఎండలో, ఆకు కోసే చేత్తో ఫోన్ పట్టుకున్న మనం ఎలా పడతాం? అందుకే కంటిని నమ్ముకోవద్దు అంటున్నాం. ఇంటిపేరు చదవడం రెండో కాపలా. మొదటి కాపలా దారి. డబ్బు పని ఉన్న పేజీకి ఎవరో పంపిన లింకు మీద పోకూడదు. బ్యాంకు మేనేజరు పేరుతో వచ్చినా, డిపార్టుమెంటు పేరుతో వచ్చినా, సొంత బావమరిది పంపినా సరే. బ్యాంకు యాప్‌ను ఒక్కసారి బ్రాంచిలోనే అడిగి వేసుకోండి. తర్వాత ఎప్పుడూ ఆ యాప్ నుంచే పోండి.

గూగుల్‌లో వెతికి పోవడం కూడా మంచి దారి కాదు. వెతికితే పైన వచ్చేవాటిలో డబ్బు కట్టి పెట్టిన ప్రకటనలు ఉంటాయి, అందులో దొంగలూ ఉంటారు. కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికితే దొంగ నంబరు దొరికిన కేసులు లెక్కలేనన్ని. నంబరు కావాలంటే పాస్‌బుక్కు చూడండి, ఏటీఎం కార్డు వెనక చూడండి.

"తాళం గుర్తు ఉంది కదా" అని కొందరు అంటారు. తాళం ఉంటే మనం కొట్టినది దారిలో ఇంకొకడు చదవలేడని మాత్రమే అర్థం. ఆ చివర కూర్చున్నవాడు మంచోడా కాదా అని తాళం చెప్పదు. దొంగ కూడా తన ఇంటికి తాళం వేసుకుంటాడు. దాన్ని చూసి జనం మోసపోతున్నారనే 2023లో గూగుల్ క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

ఫోన్‌లో పాస్‌వర్డు దాచుకునేవాళ్లకు ఒక మాట. అసలు పేజీలో ఫోన్ తనంతట తానే పాస్‌వర్డు నింపుతుంది. అది రంగు చూడదు, అడ్రసు అక్షరం అక్షరం చూస్తుంది. రోజూ నింపే ఫోన్ ఒకరోజు నింపకుండా ఊరుకుంటే, చేత్తో కొట్టకండి. అక్కడే ఆగి అడ్రసు చదవండి.

రైతులకు వచ్చే ఎర ఎక్కువగా పీఎం కిసాన్ పేరు మీద వస్తుంది. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు కంతులు, 2019 నుంచి వస్తున్న పథకం. "మీ కంతు ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి" అని వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైలు వస్తుంది. తమిళనాడులోనూ తెలంగాణలోనూ పోలీసులు దీని గురించి హెచ్చరించారు. ఆ ఫైలు వేసుకుంటే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు వాడు చదువుతాడు, ఓటీపీ మనల్ని అడగాల్సిన పనే లేదు. ఏపీకే వస్తే తెరవకుండా తీసేయండి. 2,000 రూపాయల కంతు కోసం 93 వేల పంట పోగొట్టుకోవద్దు.

యూపీఐలో గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికి, తీసుకోవడానికి కాదు. "గూళ్ల అడ్వాన్సు వేస్తున్నాం, కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది మోసం. మనిషి మనిషికి డబ్బు అడుగుతూ పంపే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేసింది. స్కాన్ కోడ్ మోసం ఆగలేదు.

మా ఇంకో అభిప్రాయం, గూళ్ల డబ్బు పడే ఖాతాకు యూపీఐ పెట్టుకోవద్దు. దానికి వేరే చిన్న ఖాతా ఒకటి ఉంచుకోండి. టీ కొట్టుకు, మందుల షాపుకు అందులోంచి ఇవ్వండి. పొరపాటు జరిగినా పోయేది చిల్లర. చాకీని వేరే ఉంచుతాం కదా, డబ్బుకు కూడా అలాంటి గది కావాలి.

ఇన్ని భయాలుంటే నోట్లే మేలు కదా అని పెద్దోళ్లు అంటారు. మేము అలా అనుకోం. మార్కెట్టు నుంచి రాత్రి బస్సులో నోట్ల కట్టతో వచ్చిన రోజుల్లో కూడా భయం ఉండింది. ఖాతాలో పడితే తూకం, ధర, తేదీ అన్నిటికీ రుజువు ఉంటుంది, లోను అడగడానికి పనికొస్తుంది. "మా అబ్బాయి చదువుకున్నాడు, వాడు చూసుకుంటాడు" అనేది కూడా చాలదు. చదువుకున్నోళ్లు కూడా తొందరలో ఉన్నప్పుడే మోసపోతున్నారు. దొంగ పని చేసేది తొందర మీదే. "ఈ రోజు సాయంత్రంలోపు కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది" అంటాడు. బ్యాంకు పని రేపు చేస్తే మునిగిపోదు.

ఒకవేళ డబ్బు పోతే? గంటలు లెక్క. వెంటనే 1930కి ఫోన్ చేయండి. 2021లో మొదలైన ఏర్పాటు ఇది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోయే దారిలోనే ఆపే ప్రయత్నం చేస్తారు. ఎంత త్వరగా చెప్తే అంత మిగులుతుంది. తర్వాత బ్యాంకుకు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వులో, ఓటీపీ, పాస్‌వర్డు మనమే ఇచ్చి పోగొట్టుకుంటే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన నెత్తినే అని ఉండింది. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు నెత్తిన అని కూడా ఉండింది. అందుకే ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

కానీ మనోళ్లు చెప్పరు. ఇంట్లో చెప్తే తిడతారని, ఊళ్లో తెలిస్తే నవ్వుతారని దాచిపెడతారు. ఇక్కడే మేము గట్టిగా చెప్పదలుచుకున్నాం. షెడ్డుకు రోగం వస్తే దాచిపెట్టిన రైతు పక్క షెడ్డును కూడా చంపుతాడు. డబ్బు మోసం కూడా అంతే. ఒకరి దగ్గర పనిచేసిన లింకు మరుసటి రోజు పదిమందికి వస్తుంది. పోయినవాళ్లను ఎగతాళి చేసే ఊరు దొంగకు సాయం చేసినట్టే. తప్పు దొంగది. ఎవరైనా చెప్పుకుంటే, ముందు 1930కి ఫోన్ కలపండి, మాటలు తర్వాత.

ఇక మన గుంపు విషయం. దొంగ లింకులు ఎక్కువగా తిరిగేది ఇలాంటి గుంపుల్లోనే. తెలిసినోడు పంపాడు కదా అని నమ్ముతాం, తెలిసినోడికి కూడా ఎవరో పంపి ఉంటారు. కాబట్టి మనందరికీ మూడు కట్టుబాట్లు పెడదాం అంటున్నాం. ఒకటి, డబ్బు, కేవైసీ, సబ్సిడీ పేరుతో ఏ లింకూ, ఏ ఏపీకే ఫైలూ గుంపులో వేయకూడదు. మేము కూడా వేయం. పథకం ఉంటే పేరు చెప్తాం, ఏ ఆఫీసుకు పోవాలో చెప్తాం. మా పేరుతో లింకు వస్తే అది మేము పంపింది కాదనుకోండి. రెండు, ఎవరైనా తెలియక వేస్తే తిట్టకుండా వెంటనే తీయించాలి. మూడు, మోసపోయినవాళ్లు పేరు చెప్పకపోయినా, ఏ మాటతో మోసం చేశారో గుంపులో చెప్పాలి. ఆ ఒక్క మాట నూరు పంటలను కాపాడుతుంది.

బ్యాంకులకూ, డిపార్టుమెంటుకూ మా మనవి కూడా ఇదే. లింకులు నొక్కొద్దని ఒక పక్క చెప్తూ, ఇంకో పక్క మీరే లింకులు పంపకండి. మార్కెట్టులో తూకం దగ్గర, చాకీ సెంటరు గోడ మీద, మాకు చదవడానికి వచ్చే భాషలో పెద్ద అక్షరాలతో అసలు అడ్రసు రాసి పెట్టండి.

ఈ కట్టుబాట్లు ఒప్పుకునేవాళ్లు "సరే" అని ఒక్క మాట రాయండి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో రాయండి, మాట్లాడుకుందాం. ఇంట్లో ఫోన్ వాడే పెద్దోళ్లకు ఇది చదివి వినిపించండి, 1930 నంబరును గోడ మీద క్యాలెండరులో రాసిపెట్టండి.