కొలిమి నేర్పే చదువు

‘కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్లు’ అని మన సామెత. సామెత నేటికీ వాడుకలో ఉన్నది. కమ్మరి వీధి మాత్రం కనుమరుగవుతున్నది. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట అనే మాటలకు అర్థాలు వల్లించే విద్యార్థులలో ఆ వస్తువులను కన్నులారా చూసినవారు కొద్దిమందే. ఇది విద్యార్థుల దోషం కాదు. చదువు వేరు, చేతిపని వేరు అని పెద్దలు గీసిన గీత ఫలితమిది. ఆ గీతను చెరిపివేయాలని నా అభిప్రాయం.

మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాలు ఆధునిక సాంకేతికతకు మారుపేర్లయ్యాయి. అయితే ఈ నేలకు సాంకేతికత కొత్తది కాదు. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆచార్య కె.పి.రావు ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలలో ప్రాచీన సమాధులు, ఇనుప కత్తులు బయల్పడ్డాయి. అక్కడి ఇనుప వస్తువులు సుమారు క్రీ.పూ. 2200 నాటివని 2015లో పరిశోధకులు ప్రకటించారు. నేడు వేళ్లు కీబోర్డుపై కదలాడుతున్న ఈ నేలమీదనే, వేల ఏండ్ల కిందట చేతులు ఇనుప కత్తిని పట్టాయన్నమాట.

తెలంగాణ ఉక్కు కీర్తి దేశాంతరాలకు పాకింది. డమాస్కస్ ఖడ్గాలకు తగిన ఉక్కు గోల్కొండ రాజ్యం నుండి వస్తుందని 17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వ్రాశాడు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టి మూసలలో ఉక్కును వండేవారు. ఆ విధానాన్ని హెన్రీ వాయ్సీ అనే ఆంగ్లేయుడు స్వయంగా చూసి వర్ణించాడు. ఆ రచన 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇరాన్ నుండి వచ్చిన వర్తకుడు కూడా అతనికి అక్కడ తారసపడ్డాడు.

అంతటి విద్య ఏమైంది? విదేశాల నుండి చౌక ఉక్కు దిగుమతి కావడం, బొగ్గుకు కట్టెలు దొరకడం కష్టమవడం వంటి కారణాలు చరిత్రకారులు చెబుతారు. అవి నిజమే. కాని మరొక కారణం మనలోనే ఉన్నది. ఉక్కును వండినవానికి గ్రంథం వ్రాసే అవకాశం లేదు. గ్రంథం వ్రాయగలిగినవాడు కొలిమి దగ్గరకు పోలేదు. కులాల గోడ ఇద్దరినీ వేరు చేసింది. అందువలన కొలిమి చల్లారిన నాడే విద్య కూడా చల్లారింది. ఇదే కాలంలో లండన్‌లో మైఖేల్ ఫారడే 1819లో మన దేశపు ఉక్కును విశ్లేషించాడు. ఆయన ఒక కమ్మరి కుమారుడు. తరువాత కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి మిశ్రమ ఉక్కులపై ప్రయోగాలు సాగించాడు. అక్కడ చేయి, చదువు ఒకచోట కలిశాయి. ఇక్కడ అవి కలవలేదు.

ఈ తప్పులో నాకూ భాగం ఉన్నది. వరాహమిహిరుని ‘బృహత్సంహిత’లో ఖడ్గలక్షణం చెప్పే అధ్యాయం ఉన్నది. అందులో ‘శస్త్రపానం’ అనే ప్రక్రియ వస్తుంది. కాల్చిన ఆయుధానికి ద్రవాలు పట్టించి పదును పెట్టడమని దాని భావం. దీనిని నేను ఏండ్ల తరబడి తరగతిలో వివరించాను. కాని ఎర్రగా కాగిన ఉక్కు నూనెలో మునిగే చప్పుడు వినకుండానే వివరించాను. ఒక సెలవు దినాన, కమ్మరి కుటుంబానికి చెందిన నా విద్యార్థి తన ఇంటి వెనుక కత్తి చేసి చూపిన తరువాతనే ఆ మాటకు అర్థం తెలిసింది.

అతని సాధనాలు సామాన్యమైనవి. మట్టి మెత్తిన ఇనుప బాండలి కొలిమి అయింది. జుట్టు ఆరబెట్టే యంత్రం తిత్తి అయింది. రైలు పట్టా ముక్క దాగలి అయింది. ఇస్త్రీ బండివారు వాడే బొగ్గులు, పాత లారీ కమాను పట్టీ ముక్క, సుత్తి, పట్టకారు, ఆకురాయి; ఇంతే సామగ్రి. ఉక్కు నారింజ వన్నెకు వచ్చినప్పుడే అతడు కొట్టాడు. వన్నె తగ్గగానే ఆగి మళ్లీ కాల్చాడు. చల్లబడిన ఉక్కును బలవంతంగా కొడితే పగులుతుందని చెప్పాడు. ఆకారం వచ్చాక ఆకురాయితో రాచి, అయస్కాంతం అంటుకోనంత వేడి చేసి, అంటే సుమారు 770 డిగ్రీలు దాటించి, నూనెలో ముంచాడు. అప్పుడు కత్తి గట్టిపడింది; కాని గాజువలె పెళుసైంది. దానిని సుమారు 200 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచగా ఎండుగడ్డి వన్నె తేలింది, పెళుసుదనం తగ్గింది. సానబట్టి తుమ్మకర్ర పిడి తొడిగితే అది వంటింటి కత్తి అయింది. కాఠిన్యం ఒక్కటే బలం కాదని, కొంత మెత్తదనం కలిస్తేనే పదును నిలుస్తుందని నేను ఆనాడు నేర్చుకున్నాను.

బజారులో తక్కువ ధరకు కత్తి దొరుకుతుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు అడుగవచ్చు. బజారులో దొరికేది కత్తి మాత్రమే. ఉక్కు స్వభావం అక్కడ అమ్మరు. ఇది ప్రమాదకరం కాదా అని తల్లిదండ్రులు శంకించవచ్చు. ఆ శంక సరైనదే. తెలిసిన పెద్దల సమక్షంలో, ఆరుబయట, కంటికి అద్దాలు, ఒంటికి నూలు దుస్తులు ధరించి చేయవలసిన పని ఇది. జింకు పూత గల ఇనుమును కాల్చరాదు. దాని పొగ హానికరం.

మరొక మాట. కమ్మరి బిడ్డ కొలిమి విడిచి కంప్యూటరు ముందు కూర్చోవాలని కోరుకోవడం న్యాయమే. వంశపు వృత్తి పేరుతో అతనిని మళ్లీ కొలిమికే కట్టివేయాలని నేను అనడం లేదు. కంప్యూటరు ముందు కూర్చున్నవాడు కూడా ఒకసారి కొలిమి దగ్గరకు రావాలని మాత్రమే అంటున్నాను. ఆ విద్యార్థి మొదట తన తండ్రి వృత్తిని చెప్పడానికి సిగ్గుపడ్డాడు. నిజానికి సిగ్గుపడవలసింది ఆ విద్యను చదువుగా గుర్తించని మనం.

విద్యార్థులారా! మీలో ప్రతివారూ కత్తి చేయనక్కరలేదు. కాని మీ చేతితో ఏదో ఒక వస్తువును మొదటి నుండి చివరి వరకు చేయండి. చేసేవారి పక్కన కూర్చుని, వారు చెప్పినది వ్రాసిపెట్టండి. కోనసముద్రంలో జరగనిది అదే. ఇకనైనా అది జరగాలి.