నోరు విప్పవలెను

నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలో జన్మించి, 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన సురవరము ప్రతాపరెడ్డి, నిజాము పాలనలోనే గోలకొండ పత్రికను నడపి అన్యాయములను నిర్భయముగా ఖండించెను. నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రజలకు అంతటి సాహసము అక్కఱలేదు. లంచమడిగినచో 1064కు ఫోను చేసిన చాలును. అవినీతి నిరోధక శాఖవారు పొడి యద్దిన నోట్లిచ్చి పంపుదురు. వానిని పుచ్చుకొన్న చేతులను చాకలిసోడా నీటిలో ముంచగానే నీరు గులాబివన్నె దాల్చును. లంచగొండికి 3 మొదలు 7 ఏండ్ల చెఱ. 2018 సవరణ ననుసరించి ఇచ్చువాడును దోషియే. బలవంతముచే నిచ్చినవాడు 7 దినములలో తెలిపినచో దోషి కాడు.

అయినను పలువురు తమ పని జరిగిన చాలునని మిన్నకుందురు. వారొసగిన సొమ్మే, వెనుక నిలిచిన పేదవాడును చెల్లింపవలసిన మామూలగును. ఫిర్యాదు చేయువాడు లేనిదే చట్టము మూగది.