తిరానా వెళ్ళిన బొంబాయి ఫాదర్

ద్వీపాంతరం (వారం వారం) — డైరీ ఫార్మ్, పోర్ట్ బ్లెయిర్

మా డైరీ ఫార్మ్ కథోలికుల ఇళ్ళలో డయాస్ అన్న పేరు ఎత్తితే అలెక్స్ డయాస్ బిషప్ గారే గుర్తొస్తారు. 1984లో పోర్ట్ బ్లెయిర్ మేత్రాసనం ఏర్పడిన నాటి నుంచి 2019లో ఆయన బాధ్యత దిగేదాకా ఈ ద్వీపాలకు వేరే బిషప్ లేరు. సునామీ వచ్చినప్పుడూ ఆయనే ఉన్నారు. ఈ వారం నేను రాస్తున్నది మాత్రం ఇంకో డయాస్ గురించి. ఇద్దరి వేళ్ళూ గోవావే. ఒకరు ఒకే ద్వీపసమూహంలో ముప్ఫై ఐదేళ్ళు ఉండిపోయారు. ఇంకొకరు ముప్ఫై ఏళ్ళకు పైగా దేశాలు మారుతూనే గడిపారు.

ఆయన పేరు ఇవాన్ డయాస్. 1936లో బొంబాయిలో పుట్టి, 1958లో గురువుగా అభిషేకం పొంది, కొన్నాళ్ళకు రోములోని పొంటిఫికల్ ఎక్లెసియాస్టికల్ అకాడమీకి వెళ్ళారు. 1701లో పెట్టిన బడి అది. పోపుగారి రాయబారులను అక్కడే తయారుచేస్తారు. దరఖాస్తు పెట్టుకుని చేరే చోటు కాదు. సొంత బిషప్ పంపాలి, రోము ఒప్పుకోవాలి. ధర్మశాస్త్రం, దౌత్య చరిత్ర, వీటితోపాటు భాషలు, మళ్ళీ భాషలు.

నున్షియో అంటే పోపు రాయబారి. మిగతా దేశాల రాయబారికి ఒక్కటే పని, ఆ ప్రభుత్వంతో వ్యవహారం. నున్షియోకు రెండు. ప్రభుత్వంతో మాట్లాడాలి, ఆ దేశంలోని చర్చిని రోముతో కలిపి ఉంచాలి. కొత్త బిషప్‌గా ఎవరు తగుదురని గుట్టుగా విచారించి పేర్లు పంపేదీ ఆయనే. ఆయన వెనక సైన్యం ఉండదు, వ్యాపార ఒప్పందం ఉండదు. ఎదుటివాడు చెప్పింది ఎదుటివాడి భాషలో అర్థం చేసుకోగలగడమే ఆయన చేతిలో ఉన్న సరుకు. అందుకే ఈ ఉద్యోగం మీద నాకు ఇంత గురి.

స్కాండినేవియా దేశాలు, ఇండోనేషియా, మడగాస్కర్‌లలో చిన్న హోదాల్లో చేసి, వాటికన్ సచివాలయంలో సోవియట్ యూనియన్, చైనా, వియత్నాం లాంటి దేశాల వ్యవహారాలు చూసి, 1982లో ఘనా, టోగో, బెనిన్‌లకు పోపు ప్రతినిధిగా వెళ్ళారు. 1987 జూన్‌లో దక్షిణ కొరియాకు నియమించారు. సియోల్‌లోని మ్యోంగ్‌డాంగ్ కథీడ్రల్‌లో ప్రజాస్వామ్యం కోసం ఉద్యమించిన విద్యార్థులు తలదాచుకున్నదీ, కార్డినల్ కిమ్ సూ హ్వాన్ పోలీసులను లోపలికి రానివ్వనిదీ ఆ నెలలోనే. అలాంటి వేళ కొత్తగా వచ్చిన రాయబారి ముందు వినాలి, తర్వాతే నోరు తెరవాలి.

కానీ ఇవాన్ డయాస్ అసలు పని అల్బేనియాలో జరిగిందని నేను నమ్ముతాను.

1967లో ఎన్వర్ హోజా ప్రభుత్వం ఆ దేశంలో చర్చీలూ మసీదులూ అన్నీ మూసేసింది. ప్రపంచంలో తొలి నాస్తిక రాజ్యం మాదేనని చాటుకుంది. ష్కోడర్ పట్నంలోని పెద్ద కథీడ్రల్‌ను ఆటల హాలు చేశారు. గురువుల్లో కొందరిని చంపారు, మిగిలినవారిని జైళ్ళకూ నిర్బంధ శిబిరాలకూ పంపారు. ఇరవై ఏళ్ళు దాటి ఆ పాలన కూలాక, 1991లో డయాస్‌ను నున్షియోగా ఆ దేశ రాజధాని తిరానాకు పంపారు. మదర్ థెరెసా అల్బేనియా జాతి బిడ్డ. కలకత్తాకు వచ్చి మన మనిషి అయింది. ఆవిడ మాతృభాష మాట్లాడే జనం దగ్గరికి రోము ఇక్కడి మనిషిని పంపిందన్నమాట.

అక్కడ సజావుగా ఉన్న చర్చి లేదు, బిషప్‌లు లేరు. జైలు నుంచి బయటికొచ్చిన ముసలి గురువులున్నారు. వాళ్ళలో నుంచే చర్చిని మళ్ళీ నిలబెట్టాలి. 1993 ఏప్రిల్ 25న పోపు రెండవ జాన్ పాల్ ష్కోడర్ వచ్చి, ఆటల హాలుగా మారి మళ్ళీ గుడి అయిన ఆ కథీడ్రల్‌లోనే నలుగురిని బిషప్‌లుగా అభిషేకించారు. వారిలో ఫ్రానో ఇలియాకు ఒకప్పుడు మరణశిక్ష పడింది. అది తగ్గి, ఏళ్ళ తరబడి జైలైంది. 1994లో మికెల్ కొలికి అనే తొంభై దాటిన గురువును కార్డినల్ చేశారు. దశాబ్దాలు ఖైదులో గడిపిన మనిషి, అల్బేనియాకు తొలి కార్డినల్.

సెల్యులర్ జైలు గోడలు చూస్తూ పెరిగిన మాకు ఇది దూరపు కథ అనిపించదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడే శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు వెళ్ళారు. జైలు నుంచి వచ్చినవాడికి పెద్దరికం ఇవ్వడం ఎంత బరువైన పనో అప్పటి జనానికి తెలుసు. తిరానాలో డయాస్‌కు కూడా తెలిసే ఉంటుంది.

1996లో బొంబాయి అగ్రపీఠాధిపతి అయ్యారు, 2001లో కార్డినల్. 2006లో రోములో సువార్త వ్యాప్తి శాఖకు అధిపతిగా పిలిపించారు. అప్పట్లో ఆ కుర్చీలో కూర్చున్నవారిని ఎర్ర పోపు అనేవారు, అంత పెత్తనం. మన తెలుగు మేత్రాసనాలూ, ఈ పోర్ట్ బ్లెయిరూ ఆ శాఖ కిందివే. 2008లో కర్నూలు బిషప్‌గా ఫాదర్ పూల అంతోనిని పదహారవ బెనెడిక్ట్ నియమించినప్పుడు ఆ శాఖ పెద్ద డయాసే. ఆ అంతోనియే 2022లో కార్డినల్ అయ్యారు, తెలుగువారిలో తొలివారు, దళితుల్లోనూ తొలివారు. మన ఆర్‌సీఎం సంఘాల్లో ఎక్కువమంది దళితులే అయినా ఆ గౌరవం ఇన్నాళ్ళకు దక్కింది. నియామకం పోపుదే. కానీ ఫైలు పోపు బల్ల మీదికి చేరాలంటే ఈ రాయబారులూ ఈ శాఖలూ దాటాలి. దౌత్యం మన పల్లె గుడి దాకా వచ్చేది ఈ దారినే.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది. 2008లో కాంటర్‌బరీలో ఆంగ్లికన్ బిషప్‌ల సభలో మాట్లాడుతూ, మూలాలు మరిచిన సంఘాన్ని మతిమరుపు జబ్బుతోనూ, సమన్వయం లేని సంఘాన్ని వణుకు జబ్బుతోనూ పోల్చారు. నికోబార్ వాళ్ళకు క్రీస్తు పేరు అందింది ఆంగ్లికన్ల ద్వారానే. వాళ్ళ పక్కన బతుకుతున్న నాకు ఆ పోలిక రుచించలేదు. అతిథిగా వెళ్ళిన ఇంట్లో ఆ మాట వద్దు. తిరానాలో అంత ఓర్పు చూపిన మనిషి నుంచి నేను ఇంకా ఎక్కువ ఆశించాను. 2011లో పదవి దిగి, 2017లో రోములో పోయారు.

ఆయనకు పదికి పైగా భాషలు వచ్చని చెప్పుకుంటారు. మా వీధి పిల్లలను చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, రోడ్డు మీద అండమాన్ హిందీ, బడిలో ఇంగ్లీషు, పక్కింటి బెంగాలీ, పొరుగు తమిళం. రాంచీ వాళ్ళ పిల్లలతో ఆడేవాడికి సాద్రి కూడా. 1918 నుంచి అడవి పనికి ఓడల్లో తెచ్చిన ఆ రాంచీ జనమే ఈ ద్వీపాల్లో కథోలిక సంఘానికి పునాది. ఇన్ని భాషలు డబ్బు పెట్టకుండా వచ్చిన పిల్లవాడు రేపు ఫారంలో తెలిసిన భాషలు అన్న గడిలో ఇంగ్లీషు, హిందీ అని రాసి వదిలేస్తాడు. మిగిలినవి చెప్పుకోదగ్గవి కావని వాడికి మనమే నేర్పాం. గురువిద్యాలయాలకు పిల్లల్ని ఎంచేటప్పుడు కూడా ఇంగ్లీషు ఎలా మాట్లాడుతున్నాడనే చూస్తున్నారు. నాకది బాధగా ఉంది, కోపంగానూ ఉంది.

ఆదివారం పూజ అయ్యాక మా విచారణ గురువుగారిని ఒకటే అడగాలనుకుంటున్నాను. ఫాదర్ గారూ, ఇంట్లో తెలుగూ వీధిలో సాద్రీ మాట్లాడే పిల్లవాడి పేరు ఈ మేత్రాసనం నుంచి రోములోని ఆ అకాడమీకి పంపే రోజు కోసం మనం ఇవాళ ఏం మొదలుపెడదాం?