ఉందంటే చాలదు, చూపించాలి

పోయిన నెల మా సాహిత్య సమావేశం ముగిశాక, టీ తాగుతూ ఒక మిత్రుడన్న మాట నన్నింకా తొలుస్తూనే ఉంది. ఆయనా నాలాగే లెక్కల మాస్టారుగా రిటైరైనవాడు. "తర్కం ఒక్కటే నయ్యా. ఎక్కాల పుస్తకం దేశానికొకటి ఉంటుందా? ఈ కొత్త తర్కాలన్నీ పనిలేని ప్రొఫెసర్ల కాలక్షేపం" అన్నాడు. పక్కనున్న పెద్దమనిషి అందుకుని, "కొత్తవేం కావు, అన్నీ మన నాగార్జునుడు ఎప్పుడో చెప్పేశాడు" అన్నాడు. రెండు మాటలూ నాకు మింగుడు పడలేదు. అక్కడ నోరు పెగల్లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. హోసూరులో ప్లస్ టూ పిల్లలకు సాయంత్రాలు పాఠం చెప్పే రోజుల్లో ఒకసారి సరదాకి ఒక నిరూపణ చూపించాను. కరణీయ సంఖ్యను మరో కరణీయ సంఖ్య ఘాతానికి హెచ్చిస్తే అకరణీయ సంఖ్య రావచ్చునా? రూట్ రెండును రూట్ రెండు ఘాతానికి హెచ్చించండి. వచ్చింది అకరణీయమైతే పని అయిపోయింది. కాకపోతే దాన్నే మళ్లీ రూట్ రెండు ఘాతానికి హెచ్చిస్తే సరిగ్గా 2 వస్తుంది. ఎలా చూసినా అలాంటి జత ఉంది! పిల్లలంతా సంబరపడ్డారు. వెనక బెంచీలో ఒక కుర్రాడు మాత్రం లేచి, "రెండింట్లో ఏది సార్ అది?" అన్నాడు. "ఏదైతే నీకెందుకు, ఉందని తేలింది కదా, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. మళ్లీ ప్రశ్న అడగలేదు.

ఆ కుర్రాడి ప్రశ్నకు తాతలాంటి ప్రశ్నను 1908లోనే బ్రౌవర్ అనే డచ్చి గణితవేత్త వేశాడని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ఏ మాటైనా నిజమన్నా కావాలి, అబద్ధమన్నా కావాలి, మూడోది లేదన్న నియమం మనకు లెక్కకందే వస్తువుల దగ్గర అలవాటైంది. గంపలో మామిడికాయలు ఎన్నున్నా ఒక్కొక్కటే తీసి చూడవచ్చు. సంఖ్యలకు అంతు లేదే! అక్కడ ఆ నియమం చెల్లుతుందని ఎవరు పూచీ? 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనన్న గోల్డ్‌బాక్ ఊహ 1742 నాటిది. 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దూరం కంప్యూటర్లతో సరిచూశారు. రుజువూ లేదు, దాన్ని కాదనే సంఖ్యా దొరకలేదు. అయినా "రెంటిలో ఒకటి ఇప్పటికే ఖాయం" అనడం చేతికి రాని డబ్బుకు రసీదు రాయడం కాదా?

మిత్రుడు ఇక్కడొక పొరపాటు పడుతున్నాడు. బ్రౌవర్ విరోధాభాస పద్ధతినంతటినీ పారేయమనలేదు. రూట్ రెండు అకరణీయం కాదన్న పాత నిరూపణ ఆయన దారిలోనూ నిలుస్తుంది. అక్కడ మనం రుజువు చేసేది "కాదు" అన్న మాటనే. "లేకపోవడం కుదరదు, కనుక ఉంది" అన్న చోటే ఆయన పేచీ.

ఈ పేచీకి గొట్టింగెన్‌లో హిల్బర్ట్ మండిపడ్డాడు. ఆ నియమాన్ని లాక్కోవడం ఖగోళశాస్త్రజ్ఞుడి దగ్గర దూరదర్శిని లాక్కోవడమేనన్నాడు. అది వాదమే, కాదనను. కాని 1928లో తాను ముఖ్య సంపాదకుడుగా ఉన్న గణిత పత్రిక సంపాదకవర్గం నుంచే బ్రౌవర్‌ను తప్పించాడు. ఐన్‌స్టీన్ కూడా ఆ సంపాదకుల్లో ఒకడు. కప్పలకూ ఎలుకలకూ యుద్ధమని నవ్వి పక్కకు తప్పుకున్నాడు. తర్కం ఎక్కాల పుస్తకమంత తిరుగులేనిదైతే అవతలివాడి కుర్చీ లాగేయవలసిన అవసరమేమొచ్చిందో మా మిత్రుడే చెప్పాలి.

ఇక కాలక్షేపం సంగతి. 1930లో హేటింగ్ ఈ తర్కానికి సూత్రాలు కూర్చాడు. 1933లో గోడెల్, పాత అంకగణితాన్ని ఇందులోకి తర్జుమా చేయవచ్చునని చూపాడు. 1967లో ఎరెట్ బిషప్ కలనగణితంలో చాలా భాగాన్ని చూపించగల నిరూపణలతోనే తిరిగి కట్టాడు. ఈ తర్కంలో ఒక నిరూపణ రాయడమంటే ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాయడమేనని 1969లో హోవర్డ్ వివరించాడు. ఆ దారిలో పుట్టిన కాక్ అనే సాధనంతోనే 2005లో గోంతియే నాలుగు రంగుల సిద్ధాంతాన్ని తుదిదాకా సరిచూశాడు. పనిలేనివాళ్లు చేసిన పని ఇది.

పెద్దమనిషి మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. నాగార్జునుడు ఉంది, లేదు, రెండూ, రెండూ కాదు అన్న నాలుగు కోట్లనూ తర్కించిన మాట వాస్తవం. గ్రాహమ్ ప్రీస్ట్ వంటి నేటి తార్కికులు ఆయన్ని శ్రద్ధగా చదువుతున్నారు కూడా. కాని ఆయన గురి మనిషి పట్టుకుని వేలాడే భావాల మీద, అంతులేని సంఖ్యల మీద కాదు. "అన్నీ ఆయనే చెప్పేశాడు" అనేవారిలో ఆయన్ని ఒక్క పేజీ చదివినవారు నాకింతవరకు తగల్లేదు.

ఆ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. వాడికి బాకీపడ్డ జవాబు ఇదీ: నాయనా, రూట్ రెండుకు రూట్ రెండు ఘాతం కరణీయమే. 1934లో గెల్ఫాండ్, ష్నైడర్ విడివిడిగా నిరూపించిన సిద్ధాంతంతో అది తేలింది. అంత దూరం పోకుండానే చూపించవచ్చు కూడా. 2 ఆధారంగా 9కి లాగరిథమ్ తీసుకో. అది భిన్నమైతే 2 ఘాతమొకటి 9 ఘాతానికి సమానం కావాలి, అంటే సరిసంఖ్య బేసిసంఖ్య కావాలి; కుదరదు. రూట్ రెండును ఆ ఘాతానికి హెచ్చించు. 3 వస్తుంది.